'షెర్షే' పక్కన 'పూర్' వద్దండీ

తాళాల కోసం వెతుకుతున్నానని మీరు ఫ్రెంచిలో రాసిన 'జ షెర్ష్ పూర్ మే క్లే'లో ఆ 'పూర్' (అంటే 'కోసం') తీసేయండి. ఇంగ్లిష్ 'లుక్ ఫర్' మొత్తం 'షెర్షే' (వెతకడం) క్రియలోనే ఉంది. 'వెయిట్ ఫర్' కూడా అంతే, బస్సు కోసం ఆగితే 'జాతాఁ ల బ్యూస్'. నేనూ మొదట్లో ఇదే తప్పు చేసేదాన్ని.

ఇంగ్లిష్ 'రన్ అక్రాస్'ని ఫ్రెంచిలో ఎలా చెప్పాలా అని టెన్షన్ పడకండి, ఇక్కడ మన తెలుగే దారి చూపిస్తుంది. 'పరుగెత్తుతూ వీధి దాటాడు' అంటాం కదా, ఫ్రెంచిలోనూ దాటడమే అసలు క్రియ: 'ఇల్ ఆ త్రవెర్సే లా ర్యూ ఆఁ కూరాఁ'. పరుగు చివర్లో వస్తుంది.

'గివ్ అప్'కి మాత్రం ఒకే మాట సరిపోదు. సిగరెట్లు మానేస్తే 'అరెతే ద ఫ్యూమే'. చేస్తున్న పని వదిలేస్తే 'అబాందొనే', స్నేహితులతో మాట్లాడేటప్పుడైతే 'లెస్సే తోంబే'.