జైలు ఉద్యోగమంటే భయపడుతున్న తండ్రికి

ప్రశ్న: మాది కావలి. డిగ్రీ అయిన మా అబ్బాయి జైలు వార్డర్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. కరోనా రోజుల్లో వార్డర్‌గా మా బావమరిది పడ్డ అవస్థ కళ్లారా చూశాం. మళ్లీ అలాంటి రోగం వస్తే? దీన్ని మాన్పించి, హైదరాబాద్‌లో డేటా సైన్స్ నేర్పించాలని ఉంది. ఏది మేలు?

జవాబు: పోలిక అడిగారు గానీ, మీ మనసులో ఉన్నది బిడ్డకు ఏమవుతుందోనన్న దిగులు. 2020 తర్వాత పోలీసు, నర్సు ఉద్యోగాల గురించీ తల్లిదండ్రులు నన్ను ఇదే అడుగుతున్నారు.

మీ దిగులు ఉత్తది కాదు. పొద్దున్నే బ్యారక్ తాళం తీయాలి, సాయంత్రం తలలు లెక్కపెట్టి మళ్లీ వేయాలి. కొత్త ఖైదీని ఒళ్లు తడిమి తనిఖీ చేయాలి. దూరం పాటించడం ఎక్కడ కుదురుతుంది? పైగా ములాఖత్‌లు ఆగిపోతే, ఇంటివాళ్ల సంగతి తెలియని ఖైదీల కోపం ముందు వార్డర్‌కే తగులుతుంది. 2020 మార్చి 21న కోల్‌కతాలోని దమ్‌దమ్ జైలు అట్టుడికిపోయింది. నా సలహాతోనే ఈ ఉద్యోగంలో చేరిన కుర్రవాడొకడు ఆ వేసవిలో యూనిఫాం పెరట్లో బకెట్లో నానబెట్టి, స్నానం చేసి, వరండాలోనే పడుకునేవాడు. మూడేళ్ల కూతురు కిటికీ ఊచలు పట్టుకుని "నాన్నా, లోపలికి రావా?" అనేదట. అది చెబుతూ అతను ఏడ్చాడు.

అయినా వార్డర్లను గాలికి వదిలేయలేదు. జైళ్లలో రద్దీ తగ్గేలా మార్చి 23నే సుప్రీంకోర్టు, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలవాళ్లను పెరోల్‌పై, తాత్కాలిక బెయిల్‌పై పంపే విషయం చూడమని రాష్ట్రాలకు చెప్పింది. టీకాల్లోనూ జైలు సిబ్బందిని ముందు వరుసలో చేర్చారు. జీతం, ఉద్యోగ భద్రత సరేసరి.

ఇక డేటా సైన్స్. గణితం, స్టాటిస్టిక్స్ పునాది లేనివాడిని మూడు నెలల్లో నిపుణుణ్ని చేస్తామనే మాట నేను నమ్మను. ఫీజు ముందే కట్టించుకుంటారు, ఉద్యోగం మాట కాగితం మీద రాసివ్వరు. పోనీ హైదరాబాద్ క్షేమమా? 2020 మార్చిలో హాస్టళ్లు ఖాళీ చేయిస్తే, పిల్లలు పెట్టెలతో ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పడిగాపులు పడ్డారు. మరిచిపోయారా?

కోపగించుకోకండి, ఒక మాట. మీ ఉత్తరంలో మీ భయం ఉంది, బావమరిది కష్టం ఉంది. అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. చీకటితో లేచి పరుగు సాధన చేసే పిల్లవాడిని అడగకుండా దారి మార్చడం తప్పు. వార్డర్ ఉద్యోగాల నోటిఫికేషన్ ఏటా రాదు కాబట్టి కానిస్టేబుల్ పరీక్షకూ దరఖాస్తు చేయించండి.

ఈ ఆదివారం బావమరిదిని భోజనానికి పిలిచి, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టండి. ఆ రోజుల సంగతి ఏదీ దాచకుండా చెప్పమనండి. మీరు మధ్యలో కల్పించుకోవద్దు. అంతా విన్నాక కూడా చేరతానంటే, చేరనివ్వండి.