ఫోన్లో చెప్పిన 'సరే'ను నమ్మకు

బిడ్డా,

జర్మనీలో ఒక సెమిస్టర్ చదవడానికి నీకు ఎక్స్ఛేంజ్ సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పింది. క్లాక్ టవర్ దగ్గర కలిసిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మీ అమ్మకు నీ తిండి గురించి టెన్షన్, నాకు నీ కాగితాల గురించి. పరీక్షల విభాగంలో కౌంటర్ వెనక కూర్చుని తల నెరిసినవాణ్ణి, ఇంకే భయాలుంటాయి చెప్పు!

వీసా, టికెట్, ఇన్సూరెన్సు సంగతులు నాకంటే నీకే బాగా తెలుసు. చలికోటు అక్కడే కొనుక్కో. గదిలో చేరిన రెండు వారాల్లోపు ఆ ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి ఓనరు రాసిచ్చిన కాగితం కావాలి. తాళంచెవి చేతికొచ్చిన రోజే అడిగి తీసుకో.

ఇక అసలు సంగతి. పోయే ముందు లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక ఫారం నింపుతావు. అక్కడ ఏ కోర్సులు చదువుతావో, అవి ఇక్కడ ఏ పేపర్లకు బదులో అందులో ఉంటుంది. నీ సంతకం, మీ కాలేజీది, అక్కడి యూనివర్సిటీది పడాలి. 

దేవరకొండ దిక్కు పిల్లగాడొకడు ఇట్లాగే పోయాడు. చురుకైనవాడు. తీరా క్లాసుకు పోతే, ఫారంలో రాసిన కోర్సు జర్మన్‌లో చెప్తున్నారు. అది వదిలేసి, ఇంగ్లీషులో చెప్పే ఇంకో కోర్సులో చేరాడు. మార్చుకోవడం తప్పేం కాదు, అగ్రిమెంటులోనే దానికి వీలుంటుంది, అందరూ మళ్లీ సంతకం పెడితే సరిపోతుంది. వీడేం చేశాడు? ఇక్కడి సారుకు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన 'సరే, కానియ్' అన్నాడు. ఆ 'సరే' ఏ ఫైల్లో ఉంటుంది? వీడు తిరిగొచ్చేలోపు ఆ సారు రిటైరైపోయాడు.

మార్కుల కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో 1.3 అని ఉంది. పక్క సీటు కుర్రాడు తొంగిచూసి "ఫెయిలా సార్?" అన్నాడు. వాళ్ల లెక్క మనకు తలకిందులు. 1.0 అంటే అందరికన్నా పైన, 4.0 దాకా పాస్, 5.0 అంటే తప్పినట్టు. ఆ చిక్కు ఒక పూటలో విడిపోయింది. కోర్సు చిక్కు విడలేదు. ఫారంలో ఒక పేరు, మార్కుల కాగితంలో ఇంకో పేరు. అంత మంచి మార్కు తెచ్చుకున్నవాడు జూనియర్ల పక్కన కూర్చుని ఇక్కడి పేపరు మళ్లీ రాయాల్సి వచ్చింది. సర్టిఫికెట్ ఆలస్యమై, చేతికొచ్చిన ఉద్యోగం కూడా పోయింది. వాళ్ల నాయిన మా కౌంటర్ కిటికీ చువ్వలు పట్టుకుని "మార్కులు మంచిగనే వచ్చినయ్ కద సారూ" అని మళ్లీ మళ్లీ అడిగాడు. రూలు చదివి వినిపించాను, ఇంకేం చేస్తాను?

అందుకే ఏ మార్పైనా మెయిల్ పెట్టు, జవాబొచ్చేదాకా వెంటపడు. మార్కుల లెక్క వివరించే కాగితం కూడా అడిగి తెచ్చుకో. ఇంకోటి, అక్కడ క్లాసుకు పోయినంత మాత్రాన పరీక్షకు పేరెక్కదు, గడువులోపు విడిగా నమోదు చేసుకోవాలి. అక్టోబర్‌లో మొదలయ్యే వాళ్ల సెమిస్టర్ క్లాసులు ఫిబ్రవరి దాకా నడుస్తాయి, పరీక్షలు ఆ చివర్లోనే. ఇక్కడేమో సంక్రాంతి అయ్యీ కాకముందే తర్వాతి సెమిస్టర్ మొదలుపెడతారు. ఆ రోజుల హాజరు సంగతి ఇప్పుడే రాతపూర్వకంగా తేల్చుకో. ఇంటర్ పరీక్ష నాడు నీ హాల్‌టికెట్ బియ్యం డబ్బా కింద దొరికిన ముచ్చట నేనింకా మర్చిపోలేదు. 

కోప్పడుతున్నాననుకోకు. ఇవన్నీ నీ పక్కన నిలబడి చూసుకోలేను కదా, అందుకే ఇంత రాస్తున్నాను.

అమ్మమ్మ ఒక్కటే అడిగింది: "ఆడ నీళ్లెట్లుంటయి?" మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు వంగిపోయిన మనిషి. ఏ ఊరైనా ఆమెకు ముందు నీళ్లే. అక్కడ నల్లా నీళ్లే తాగుతారని చెప్తే నన్ను అబద్ధాలకోరును చూసినట్టు చూసింది. నల్లా కింద గ్లాసు పట్టి, తాగుతూ ఆమెకు వీడియో కాల్ చెయ్యి. అక్టోబర్ చివరి ఆదివారం దాకా మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా, ఆ తర్వాత నాలుగున్నర. ఆమె ఎనిమిదింటికే పడుకుంటుంది, చూసుకుని చెయ్యి.

మీ అమ్మ నెయ్యి కాచి డబ్బాకు ఎత్తింది, మటన్ పచ్చడి కూడా పెడతానంటోంది. పాలతో, మాంసంతో చేసినవి మన దగ్గర్నుంచి యూరప్‌లోకి తీసుకుపోనివ్వరు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. సకినాలు, కారప్పొడులు పెట్టుకో. నెయ్యి సంగతి నువ్వు ఎత్తకు, నేను చెప్తాను. నా మీదా అరుస్తుంది, కానీ అన్నను కాబట్టి రెండ్రోజులకు మాట్లాడుతుంది.

నింపిన ఫారం ఫోటో తీసి ఆదివారంలోపు పంపు.

నీ మేనమామ