మొదటి ఎపిసోడ్ తీయబోతున్న మా మేనకోడలికి

అమ్మలూ,

ఉద్యోగం మానేసి పిల్లల కోసం కామెడీ కార్టూన్ సిరీస్ తీస్తున్నావని, మొదటి ఎపిసోడ్ స్క్రిప్టు కూడా అయిపోయిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన విజయనగరం బొంకులదిబ్బ మీద ఒక పిల్లనీ మేకనీ పెట్టి కథ రాశావంటే చాలా గర్వంగా ఉంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఇన్నేళ్లు యానిమేషన్లో ఉన్నవాణ్ణి, ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలుసు.

ముందు లెక్క చూసుకో. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు. 11 నిమిషాలకి 7,920. కంప్యూటర్లో కటౌట్ పద్ధతిలో, అంటే బొమ్మని ముక్కలుగా చేసి ఆ ముక్కల్నే కదిలిస్తూ చేస్తే ఇన్ని గీయక్కర్లేదు, నిజమే. అయినా పని మొదలయ్యాక కథ మార్చాలంటే ప్రాణం మీదికొస్తుంది. సీన్లు వరుసగా గీసుకున్న స్టోరీబోర్డు బొమ్మలకి మాటలు, టైమింగు పెట్టి యానిమాటిక్ చేసుకో. నవ్వు రానిది అక్కడే తీసెయ్యి. బ్యాకప్ రెండు చోట్ల ఉంచు.

తొమ్మిది పాత్రలట! మొదటిసారికి పిల్ల, మేక, ఇంకొకరు చాలు. మేకకి ఏం కావాలో, పిల్ల ఎందుకు అడ్డుపడుతోందో మొదటి నిమిషంలోనే తెలిసిపోవాలి. పేర్లు కుదరలేదని టెన్షన్ పడకు. 1940లో వచ్చిన టామ్ అండ్ జెర్రీ మొదటి కార్టూన్లో పిల్లి పేరు జాస్పర్. పేరు తర్వాత మారింది, పిల్లీ ఎలుకల గొడవ మాత్రం మొదట్నుంచీ అదే.

ఇక అసలు సంగతి. హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఒక స్టూడియోలో తెలివితక్కువ గాడిద ఉన్న సిరీస్ ఒకటి చేశారు. బొమ్మలన్నీ అయ్యాకే గొంతులు రికార్డు చేశారు. గాడిద మాటలకి ఎవరూ నవ్వడం లేదని, చివరి నిమిషంలో పై ఆయన ఒకరు, 'శ్రీకాకుళం యాసలో చెప్పించండి, అదే నవ్వొస్తుంది' అన్నారు. గాడిదకి గొంతు ఇచ్చినతను మన వైపు ఎప్పుడూ వచ్చినవాడు కాదు. ప్రతి మాట చివరా 'ఏటి' తగిలించాడు. ఆ గాడిద పెదాలు గీసింది నేను. ప, బ, మ పలకాలంటే పెదాలు మూతపడాలి కదా. 'అమ్మ' అని వినిపిస్తుంటే తెర మీద దాని నోరు బార్లా తెరుచుకుని ఉంది. చెప్పి చూశాను, టైమ్ లేదన్నారు.

పెదాలు కలవకపోతే పిల్లలు క్షమిస్తారు. గాడిదొక్కదానికే మన యాస పెట్టడమనే రెండో తప్పే మనసులో ఉండిపోయింది. సెలవులకి మీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు ఐదో తరగతి. టీవీ చూస్తూ నా వైపు తిరిగి, 'మామయ్యా, గాడిదొక్కటే మనలాగ మాటాడతాదేటి?' అన్నావు. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగావు. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత హైదరాబాద్ వచ్చినప్పుడల్లా, పక్కింటి పిల్లలుంటే నువ్వు నోరు విప్పేదానివి కాదు.

అందుకే చెప్తున్నా, యాస పెట్టు. కానీ అందరికీ పెట్టు. తెలివైన పిల్లకీ, టీచరుకీ, డాక్టరుకీ. గురజాడ వారు కన్యాశుల్కం మొదలుపెట్టింది కూడా బొంకులదిబ్బ మీదే, వాడుక మాటల్లోనే. నవ్వు మేక చేసే పనుల్లోంచి రావాలి, ఎవరు ఎలా మాట్లాడారన్న దాంట్లోంచి కాదు. గొంతులకి మన ఊరి పిల్లల్నే తీసుకో, బొమ్మ కదిలించకముందే రికార్డు చెయ్యి. పిల్లలు మాట మధ్యలో ఊపిరి పీల్చుకుంటారు, దాన్ని కట్ చేయకు. గంటల తరబడి కూర్చోబెట్టకు. అమ్మానాన్నల అనుమతి రాయించుకో, డబ్బులు ఆ రోజే ఇచ్చెయ్యి.

ఇంకోటి. పైడితల్లమ్మ పండగ సీనులో, పూజారి కూర్చుని ఊరేగే ఆ పొడవాటి సిరిమాను చివరికి పిల్ల ఎగబాకుతుందట. తీసెయ్యమ్మా. చూసింది పెరట్లో చెట్టెక్కి చేసి చూస్తారు పిల్లలు, తలుచుకుంటేనే నాకు గుండె దడ. మేక పండగ పోస్టరు నమిలేసినా అంతకంటే బాగా నవ్వుతారు.

ఇంటి కాగితాలు బ్యాంకులో పెడతానన్నావట. ఎవరినడిగి అన్నావ్? 11 నిమిషాలకి డబ్బు చాలకపోతే నాలుగు నిమిషాలది తియ్యి. రాత్రి రెండింటిదాకా స్క్రీన్ ముందు కూర్చోకు, వేళకి తిను. యానిమాటిక్ కాగానే పంపించు, అత్తా నేనూ కూర్చుని చూస్తాం. పెదాల పని నేను గీసిస్తాను, డబ్బు మాట ఎత్తకు.

మీ మామయ్య