మూత బిగిస్తేనే హైడ్రోజన్

ప్రశ్న: నాచు నుంచి హైడ్రోజన్ ఇంధనం తీయొచ్చని చదివాను. మేడ మీద నాలుగు తొట్లలో నాచు పెంచితే వంటకు సరిపడా గ్యాస్ వస్తుందా మేడమ్? నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను.

జవాబు: వంటకు రాదండీ. మూత లేని తొట్టిలో అయితే అసలు హైడ్రోజన్ బుడగ కూడా రాదు.

నాచు కణం ఎండ సాయంతో నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదులుతుంది. ఆ నీటి నుంచే వచ్చే ఎలక్ట్రాన్లతో హైడ్రోజన్ తయారుచేసే ఎంజైమ్ కూడా దానిలో ఉంది. పేరు హైడ్రోజినేజ్. చిక్కల్లా ఏమిటంటే, ఆక్సిజన్ తగిలితే ఆ ఎంజైమ్ పనిచేయదు. అంటే కణం ఒక చేత్తో వదిలేది రెండో చేతి పనిని చెడగొడుతుంది. నాచు హైడ్రోజన్ ఇస్తుందని గాఫ్రాన్, రూబిన్ అనే శాస్త్రవేత్తలు 1942లోనే రాశారు. అయినా ఈ చిక్కు వల్ల అది చాలా ఏళ్లు కొద్దిసేపు కనిపించి ఆగిపోయే వింతగానే మిగిలింది.

2000లో మెలిస్ అనే శాస్త్రవేత్త బృందం ఒక దారి చూపింది. నాచుకు గంధకం అందకుండా చేశారు. నీటిని విడగొట్టే యంత్రాంగం ఎండకు నిత్యం దెబ్బతింటూ ఉంటుంది, గంధకం లేకపోతే దానికి మరమ్మతు జరగదు. దాంతో ఆక్సిజన్ తగ్గుతుంది. మిగిలిన కాస్తా కణం తన శ్వాసకే వాడేసుకుంటుంది. అప్పుడు ఎంజైమ్ లేచి పని మొదలుపెడుతుంది.

నేను ల్యాబ్‌లో క్లామిడోమొనాస్ అనే నాచుతో ఇది చేసి చూశాను. పోషక ద్రావణంలో గంధకం ఉండే సల్ఫేట్లు తీసేసి, గంధకం లేని క్లోరైడ్లు వేశాను. మొదటిసారి రబ్బరు బిరడా సరిగా బిగించలేదు, గాలి దూరింది. మూడు రోజులు కళ్లు కాయలు కాచేలా చూసినా ఏమీ రాలేదు. రెండోసారి బిరడా చుట్టూ గ్రీజు పూశాను. రెండో రోజు సాయంత్రం గొట్టం చివర గుండుసూది తలంత బుడగ కనిపించింది. దాన్ని చూసిన సంతోషం ఇప్పటికీ మరచిపోలేను. తర్వాత నాచు రంగు పాలిపోయి, నాలుగైదు రోజులకు గ్యాస్ తగ్గిపోయింది. పస్తు పెట్టిన కణం ఎంతకాలమని పనిచేస్తుంది? మళ్లీ గంధకం ఇచ్చి కోలుకోనివ్వాలి.

వెలుతురుతో ఇంకో ఇబ్బంది ఉంది. చిక్కగా పెరిగితే పైనున్న కణాలు మోయలేనంత వెలుతురు మింగి వేడిగా వదిలేస్తాయి, అడుగువాటికి చీకటే మిగులుతుంది. అందుకే పచ్చదనం తక్కువుండే రకాలను తయారుచేస్తున్నారు. ఆక్సిజన్‌ను తట్టుకునే హైడ్రోజినేజ్ కోసమూ వెతుకుతున్నారు. అది దొరికితే పస్తు పెట్టాల్సిన పనే ఉండదు. నాకైతే ఆశంతా దానిమీదే.

ఇంట్లో మాత్రం గ్యాస్ పట్టే ప్రయత్నం చేయకండి. గాలిలో 4 శాతం హైడ్రోజన్ కలిసినా నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. కాలేజీ ల్యాబ్‌లో మీ లెక్చరర్ దగ్గరుండగా ఒక సీసాతో మొదలుపెట్టండి. బిరడాకు గ్రీజు మరవకండి.