వీపు కింది చలి

అమ్మడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఈ ఏడాదంతా ఎండా వానా చలీ అని చూడకుండా నెలకో రాత్రి కొండల్లో హ్యామక్, అదే చెట్ల మధ్య గుడ్డ ఉయ్యాల, కట్టుకుని ఒంటరిగా పడుకోబోతున్నావట కదా. ఆ మాట చెప్పి మీ అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు, నీకు తెలియదు. విన్నంతసేపూ ఎంత సంతోషించానో, రాత్రి పడుకున్నాక అంత దిగులు పడ్డాను. అందుకే తెల్లారకముందే లేచి రాస్తున్నాను.

కట్టడం గురించి ఎక్కువ చెప్పను. పచ్చగా, గట్టిగా ఉన్న చెట్లు చూసుకో. పైన ఎండుకొమ్మ ఉంటే ఆ చెట్టు వద్దు. పట్టీలు సుమారు 30 డిగ్రీల వాలులో దిగాలి. కాస్త ఐమూలగా పడుకుంటే నడుము చదునుగా ఉంటుంది.

అసలు సంగతి నీ వీపు. నేలకి దూరంగా వేలాడుతున్నాం కాబట్టి నేల చలి తగలదనుకుంటాం. నిజమే, కానీ నీ కింద ఇప్పుడు గాలి తిరుగుతూ ఉంటుంది. ఒంట్లోంచి వచ్చిన వేడిని వచ్చినట్టే ఎత్తుకుపోతుంది. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మందమైనదైనా నీ బరువు కింద నలిగిన చోట అది పనిచేయదు. వెచ్చగా ఉంచేది లోపల నింపిన నూగు కాదు తల్లీ, నూగు పట్టి ఉంచిన గాలి. నలిగితే గాలి పోతుంది. బయట 20 డిగ్రీలున్న రాత్రి కూడా తెల్లవారుజామున నడుము జివ్వుమనేది ఇందుకే. దీనికి మందు అండర్‌క్విల్ట్, అంటే హ్యామక్ అడుగున కట్టే మెత్తటి బొంత. అది హ్యామక్‌కి బయట వేలాడుతుంది కనుక నీ బరువు దాని మీద పడదు. పైన కప్పుకునేది కాస్త పాతదైనా ఫరవాలేదు. డబ్బు ముందు అడుగుదానికే పెట్టు.

ఇక నీకెవరూ చెప్పని విషయం.

అప్పుడు నాకు 26, మీ అమ్మకి 21. నేనే బతిమాలి తీసుకెళ్ళాను. రెండు హ్యామక్‌లు, రెండు మంచి డౌన్ (పక్షుల నూగు నింపిన) అండర్‌క్విల్ట్‌లు. రాత్రి 4 డిగ్రీలకి దిగుతుందని తెలుసు. మా క్విల్ట్‌లు అంతకన్నా ఎక్కువ చలిని తట్టుకుంటాయి కాబట్టి నిశ్చింతగా పడుకున్నాం. అర్ధరాత్రి దాటాక గాలి లేచింది. "అన్నయ్యా, నడుం దగ్గర చలేస్తోంది" అంది మీ అమ్మ. అడుగున సందు ఉండి గాలి దూరుతోందనుకున్నాను. చీకట్లోనే లేచి దాని అండర్‌క్విల్ట్ తాళ్ళు బిగించాను. పావుగంటకి మళ్ళీ చలి అంది. ఇంకాస్త బిగించాను. మూడోసారి కూడా అదే చేశాను. ఎంత చలేస్తే అంత బిగించాను, ఎంత బిగిస్తే అంత చలేసింది. నా చేతులతో నేనే దాని కిందున్న నూగునంతా హ్యామక్ గుడ్డకేసి నొక్కేశానని నాకు తట్టలేదు.

తర్వాత అది సణగడం మానేసింది. పళ్ళు టకటకలాడే చప్పుడూ ఆగింది. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగానే ఉంది" అంది. నేను తృప్తిగా వెళ్ళి పడుకున్నాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి వెనకాడుతోంది.

ఏమనిపించిందో, కాసేపటికి "నీ టార్చి ఒకసారి వెయ్యి" అన్నాను. వెలగలేదు. వెళ్ళి చూస్తే టార్చి చేతిలోనే ఉంది, బొటనవేలు స్విచ్చి మీద జారుతోంది, నొక్కలేకపోతోంది. మాట ముద్దముద్దగా వస్తోంది. వణుకు ఆగింది వెచ్చబడి కాదు, వణికే ఓపిక కూడా ఒంట్లో లేక. కూర్చోవడానికని తెచ్చిన ఫోమ్ షీట్లు నేల మీద పరిచి, దాన్ని మెల్లగా దించి, ఉన్న క్విల్ట్‌లన్నీ చుట్టి, పక్కనే ఒత్తుకుని పడుకున్నాను. వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి గుండెల మీద పెట్టాను. కాళ్ళూ చేతులూ రుద్దకూడదని ఎక్కడో విన్నది గుర్తుండబట్టి రుద్దలేదు. చాలాసేపటికి మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. ఆ వణుకు చూసి ఏడ్చేశాను.

పొద్దున వెలుగులో చూస్తే దాని అండర్‌క్విల్ట్ డోలు చర్మంలా బిగిసి ఉంది. తాడు వదిలాను. కొన్ని నిమిషాల్లో నా కళ్ళముందే అది మెల్లగా పొంగి, అరచెయ్యి మందాన నిలబడింది. రాత్రంతా అది అలా ఉండాల్సింది.

కాబట్టి బిగింపు చేత్తో చూడాలి. నువ్వు పడుకున్నాక అడుగునుంచి ఎవరైనా చెయ్యి దూర్చి తడమాలి. వీపుకీ క్విల్ట్‌కీ మధ్య ఖాళీ దొరక్కూడదు, నూగు నలగనూ కూడదు. రెండు కొసల దగ్గర మాత్రం గుడ్డ దగ్గరగా ఉండాలి, గాలి దూరేది అక్కడే. ఒంటరిగా వెళ్తున్నావు కాబట్టి ఇంటి దగ్గరే సరిచూసుకుని తాడు మీద ఆ చోట గుర్తు పెట్టుకో. ఆ ఎలాస్టిక్ తాడు రానురానూ సాగుతుంది, అప్పుడప్పుడూ మళ్ళీ చూడాలి.

తేలికని ముప్పావు పొడుగు అండర్‌క్విల్ట్ కొన్నావట. వేసవికి సరే. చలికాలానికి ఒప్పుకోను. పిక్కల దగ్గరే అయిపోతుంది అది, పాదాల కింద ఏమీ ఉండదు. తప్పదంటే పాదాల కింద ఫోమ్ ముక్క ఖాయంగా వేసుకో. అసలు ఏ కాలమైనా ఒక ఫోమ్ షీట్ నీ సంచిలో ఉండాల్సిందే. రాత్రి జారుతుంది, కింద చెమట పడుతుంది, భుజాల దగ్గర ముడుచుకుంటుంది, అన్నీ తెలుసు. రెండు పొరల హ్యామక్ అయితే మధ్యలో దూర్చు, జారడం తగ్గుతుంది. తడిసినా, నలిగినా పనిచేసేది అదొక్కటే. ఆ రాత్రి మీ అమ్మని నేలచలి నుంచి కాపాడింది అదే.

వానల్లో డౌన్ వద్దు. తడిస్తే ఉండలు కడుతుంది, ఇక వెచ్చదనం ఉండదు. సింథటిక్ బరువే, కానీ తడిసినా కొంత కాస్తుంది. టార్ప్, అంటే పైన కట్టే వాన పట్టా, కిందికి దించి కట్టు, జల్లు అడుగునున్న క్విల్ట్‌ని కొట్టకుండా. ఎండాకాలం పల్చటిదొకటి చాలు, ఉక్కపోస్తే పక్కకి లాగేయొచ్చు. మరీ తీసేస్తే దోమలు గుడ్డలోంచే వీపు మీద కుడతాయి. చలికాలం లోయ అడుగున కట్టకు, చల్లగాలి అక్కడికే దిగి నిలుస్తుంది, కాస్త పైకి రా. క్విల్ట్ మీద రాసిన డిగ్రీలకన్నా కనీసం 5 డిగ్రీల వెచ్చటి రాత్రికే దాన్ని నమ్ము. ఇంటికొచ్చాక మూటకట్టి మూల పడేయకు, వదులుగా పెట్టు.

చలేస్తే ఓర్చుకోకు తల్లీ. నువ్వు చిన్నప్పటినుంచీ ఓర్చుకునే పిల్లవి, నాకు ఆ గుణమే భయం. వణుకుతుండగానే దిగు, ఫోమ్ పరుచుకో, కింద పడుకో.

మొదటిసారి వెళ్ళేముందు అంతా తీసుకుని ఇక్కడికి రా. రెండు చెట్ల మధ్య కట్టి నువ్వు పడుకో, నేను అడుగున చెయ్యి పెట్టి చూస్తాను. మీ అమ్మని కూడా తీసుకురా.

మీ మామయ్య