అమ్మగారి ఫోన్‌లోని ఆరోగ్య సేతు గురించి

మీ అమ్మగారి ఫోన్‌లో 2020 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ కరోనా యాప్ ఆరోగ్య సేతు ఆమె రాకపోకలను ఇంకా ప్రభుత్వానికి చేరవేస్తోందా, యాప్ తీసేస్తే పాత వివరాలు సర్వర్‌లో మిగిలిపోతాయా అని మీరు అడిగారు. ఆమె భయాన్ని దయచేసి కొట్టిపారేయకండి. 2020 ఏప్రిల్ 2న వచ్చిన ఆ యాప్ బ్లూటూత్‌తో పాటు జీపీఎస్‌ను కూడా వాడింది. మే 1 నాటి కేంద్ర ఉత్తర్వు దాన్ని ఉద్యోగులందరికీ తప్పనిసరి చేయగా, సేకరించిన డేటాను ఎవరు, ఎంతకాలం ఉంచుకోవచ్చో చెప్పే నియమావళి మే 11న గానీ వెలువడలేదు. ముందు నియమాలు చెప్పి, ఆ తరువాత సహకారం కోరి ఉంటే జనం మరింత మనస్ఫూర్తిగా నమ్మేవారని నా గట్టి అభిప్రాయం.

అయితే కాంటాక్ట్ ట్రేసింగ్ (కరోనా సోకినవారి దగ్గర మెలిగినవారిని గుర్తించే) సదుపాయాన్ని నిలిపివేశామని, దాని ద్వారా సేకరించిన డేటాను తొలగించామని కేంద్రం 2023 ఫిబ్రవరిలో లోక్‌సభకు తెలిపింది. అయినా ఆమె మనశ్శాంతి కోసం ముందుగా యాప్ సెట్టింగ్స్‌లో ఖాతాను తొలగించమని కోరండి. వ్యక్తిగత వివరాలను అలా కోరిన 30 రోజుల్లోపు చెరిపివేయాలని ఆ నియమావళే చెప్పింది. ఆ తరువాతే యాప్‌ను తీసివేయండి. దాని ద్వారా ఆభా సంఖ్య (డిజిటల్ ఆరోగ్య గుర్తింపు సంఖ్య) తీసుకుని ఉంటే, అది వేరే వ్యవస్థకు చెందినది కనుక విడిగా చూసుకోవాలి.