డిస్లెక్సియా రిపోర్టు డాలస్ స్కూలుకి చూపించాలా?

ప్రశ్న: మియాపూర్ నుంచి జులైలో డాలస్ వెళ్తున్నాం. మూడో తరగతి పూర్తిచేసిన బాబుకి డిస్లెక్సియా (చదవడం, స్పెల్లింగ్ కష్టమయ్యే ఇబ్బంది) ఉందని ఇక్కడ తేల్చారు. చెబితే స్కూల్లో సీటివ్వరని బంధువులు భయపెడుతున్నారు. చెప్పాలా, వద్దా?

జవాబు: చెప్పండి. హైదరాబాద్ ప్రైవేటు స్కూళ్ల అడ్మిషన్ భయాన్ని విమానం ఎక్కించకండి. అక్కడి పబ్లిక్ స్కూల్లో సీటు ఇంటి చిరునామాని బట్టి వస్తుంది. బాబు హెచ్4 వీసా మీద ఉన్నా స్పెషల్ ఎడ్యుకేషన్, అంటే ఇలాంటి ఇబ్బందులున్న పిల్లలకి ఇచ్చే ప్రత్యేక బోధన, ఉచితం. ఐడియా అనే ఫెడరల్ చట్టం ఇచ్చిన హక్కు అది. ప్రైవేటు స్కూల్లో చేర్పిస్తే మాత్రం ఆ హక్కు ఇంత గట్టిగా ఉండదు.

"డిస్లెక్సియా ఉంది" అన్న ఒక్క పేజీ సర్టిఫికెట్ చాలదు. స్కోర్ల పట్టికతో పూర్తి రిపోర్టు అడిగి తీసుకోండి. దాంతోపాటు తెలుగు, ఇంగ్లీషు డిక్టేషన్ నోటుబుక్కులు సర్దుకోండి. చిత్తు కాగితాల్లా కనిపిస్తాయి గానీ అక్కడ అవే పనికొస్తాయి. ఇంగ్లీషు సరిగా రాకపోవడమే అసలు కారణమైతే దాన్ని లోపంగా లెక్కించకూడదని చట్టం అంటుంది. అందుకే "కొత్తగా వచ్చాడు కదా, అలవాటవుతుంది" అంటూ ఏడాది గడిపేస్తారు. తెలుగు నోటుబుక్కులో 'పుస్తకం' బదులు 'పుసతకం' ఉంటే, కొమ్ముకీ కొమ్ముదీర్ఘానికీ తేడా పోతుంటే, పక్కన ఇంగ్లీషులోనూ అదే తంటా కనిపిస్తుంటే ఆ వాదన నిలవదు. ప్రతి తప్పు పక్కనా అదేమిటో ఇంగ్లీషులో ఒక ముక్క రాసిపెట్టండి.

చేర్పించేటప్పుడు ఇంటి భాష ఏదని ఒక ఫారం అడుగుతుంది. ఈఎస్ఎల్ (ఇంగ్లీషు ఇంకా సరిగా రాని పిల్లలకి దాన్ని నేర్పే) క్లాసులో వేస్తారన్న భయంతో చాలామంది 'ఇంగ్లీష్' అని రాసేస్తారు. తెలుగు అనే రాయండి. ఈఎస్ఎల్, స్పెషల్ ఎడ్యుకేషన్ రెండూ కలిసి నడవొచ్చు.

టీచరుతో గేటు దగ్గర చెప్పిన మాటకి గడువు ఉండదు. ప్రిన్సిపాల్‌కీ, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థ) స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కీ తేదీ వేసి మెయిల్ పెట్టండి: చదవడం, స్పెల్లింగ్, రాయడంలో ఇబ్బంది ఉంది, స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పూర్తి ఇవాల్యుయేషన్ కోరుతున్నాం. రెండు వాక్యాలు చాలు. టెక్సస్‌లో 15 స్కూలు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. మీరు సమ్మతి సంతకం పెట్టాక 45 స్కూలు రోజుల్లో రిపోర్టు, ఆపైన 30 రోజుల్లో బాబుకి ఏ సాయం ఇవ్వాలో మీతో కలిసి తేల్చే మీటింగు. దాన్ని అక్కడ ఏఆర్‌డీ అంటారు. సెలవులు స్కూలు రోజుల్లోకి రావు కాబట్టి జులైలో పంపినా లెక్క స్కూళ్లు తెరిచాకే మొదలవుతుంది. "ముందు ఎక్స్‌ట్రా క్లాసు పెట్టి చూద్దాం" అంటే క్లాసుకి ఒప్పుకోండి, కానీ దాని పేరుతో ఇవాల్యుయేషన్ ఆపడానికి వీల్లేదు.

స్కూలువాళ్లు 504 ప్లాన్ అనేదాంతో సరిపెట్టబోతే జాగ్రత్త. దాంతో సాధారణంగా పరీక్షలో అదనపు సమయంలాంటి వెసులుబాట్లే వస్తాయి. బాబుకి కావాల్సింది అక్షరానికీ ధ్వనికీ లంకె పెట్టి క్రమంగా చదవడం నేర్పే పాఠం, అది ఐఈపీలో (బాబు కోసమే రాసే స్పెషల్ ఎడ్యుకేషన్ ప్లాన్‌లో) రావాలి. అందులో 'చదవడం మెరుగుపడాలి' అని ఉంటే ఒప్పుకోకండి. 'నిమిషానికి 40 పదాల నుంచి మే నెలకి 75', 'వారానికి 4 సార్లు, 45 నిమిషాలు' అన్నట్టు అంకెలు ఉండాలి.

తెలుగు దుబాసీ కావాలని వారం ముందే మెయిల్ పెట్టండి, డబ్బు అడగరు. మీటింగులో అర్థం కాకపోయినా తలూపి సంతకం పెట్టేయడం మనవాళ్లకి అలవాటు. ఒప్పుకోలేకపోతే 10 స్కూలు రోజుల దాకా వాయిదాకి అవకాశం ఉంది. కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదవండి.